బీసీసీ: పేరు కవరు మీదే, కార్డులో కాదు

సంక్రాంతి దగ్గర పడుతుంటే కోనసీమలో పూర్వ విద్యార్థుల సమ్మేళనాల హడావిడి మొదలవుతుంది. హైదరాబాదులో, బెంగళూరులో, గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్నవాళ్లు పండక్కి ఊరొస్తారు కాబట్టి పదో తరగతి బ్యాచ్‌లన్నీ ఆ నాలుగు రోజుల్లోనే కలవాలి. కార్యదర్శి కూర్చుని మెయిల్ రాస్తాడు. తేదీ, వేదిక, మనిషికి ఎంత చందా, ఇంటికి ఎంతమంది భోజనానికి వస్తారో ఫలానా తేదీలోగా చెప్పండి అని. ఎక్సెల్‌లో ఉన్న 180 చిరునామాలూ కాపీ చేసి ‘టు’ గడిలో దించేసి పంపేస్తాడు.

మొదటి మనిషి ‘ఆయ్, వస్తున్నామండి, నలుగురం’ అని రిప్లై ఆల్ నొక్కుతాడు. ఆ ముక్క కార్యదర్శికి ఒక్కడికే చేరాల్సింది, మిగతా అందరికీ పోతుంది. సాయంత్రానికి అలాంటివి ముప్పై నలభై పోగవుతాయి. ‘దయచేసి నాకు ఇవి పంపకండి’ అని ఒకరు ఆ మాట కూడా అందరికీ పంపుతారు. ఇదంతా చికాకే కానీ, చికాకు రెండు రోజుల్లో పోతుంది. పోనిది ఇంకొకటుంది. 180 మంది పేర్లు, చిరునామాలు ఇప్పుడు 180 ఇన్‌బాక్సుల్లో పడి ఉన్నాయి. వాటిలో ఏ ఒక్క ఖాతా పాస్‌వర్డ్ దొంగల చేతికి చిక్కినా, ఎవరు ఎవరి క్లాస్‌మేటో తెలిసిన జాబితా వాళ్లకు అప్పనంగా దొరికినట్టే. ‘మన ఫలానా వాడు ఆసుపత్రిలో ఉన్నాడు, తలా కాస్త పంపండి’ అని నమ్మేలా మెయిల్ రాయడానికి దొంగకు కావలసింది సరిగ్గా అలాంటి జాబితానే.

అదే జాబితాను ఒక గడి కిందకి జరిపి బీసీసీలో పెట్టి ఉంటే ఈ రెండూ జరిగేవి కావు. ఆ గడి అసలు ఏం చేస్తుందో, ఏం చేయలేదో తెలిస్తే దాన్ని ఎప్పుడు వాడాలో, ఎప్పుడు దాని జోలికి పోకూడదో విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

కార్బన్ కాగితం నాటి మాట

బీసీసీ అంటే బ్లైండ్ కార్బన్ కాపీ. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ పరీక్షలు రాసినవాళ్లకు ఈ పేరు కొత్త కాదు. తెల్లకాగితాల మధ్య కార్బన్ కాగితాలు పెట్టి మిషన్‌లోకి ఎక్కిస్తే ఒకేసారి మూడు నాలుగు ప్రతులు వచ్చేవి. అసలు ఉత్తరం ఒకరికి, నకళ్లు మరికొందరికి. నకళ్లు ఎవరెవరికి పంపుతున్నారో అడుగున ‘సీసీ’ అని టైపు చేసేవారు. అది అన్ని ప్రతుల మీదా పడుతుంది కాబట్టి అందరికీ తెలుస్తుంది. ఇంకొకరికి కూడా నకలు పంపాలి, ఆ సంగతి మాత్రం అసలు ఉత్తరం అందుకునేవారికి తెలియకూడదు అనుకుంటే, పై కాగితాన్ని తీసేసి ఆఫీసు ప్రతి మీదా, ఆ రహస్యపు నకలు మీదా మాత్రమే ‘బీసీసీ ఫలానా’ అని కొట్టేవారు. అసలు ప్రతి మీద ఆ గీత కనబడదు. బ్లైండ్ అన్న మాట అక్కడిది.

మెయిల్ వచ్చాక కార్బన్ పోయింది గానీ పేరు అలాగే మిగిలింది. మెయిల్ రూపాన్ని నిర్దేశించిన 1982 నాటి ఆర్‌ఎఫ్‌సీ 822 పత్రంలో టు, సీసీలతో పాటు బీసీసీ ఉంది. దాని వారసుడైన 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5322లోనూ ఉంది.

శుభలేఖలాగా ఆలోచించండి

మెయిల్ ఎలా నడుస్తుందో చెప్పడానికి పెళ్లి శుభలేఖకు మించిన పోలిక లేదు. లోపలి కార్డు అందరికీ ఒకటే. వధూవరుల పేర్లు, ముహూర్తం, వేదిక, విందు. కవరు మీద మాత్రం ఎవరి పేరు వారిది. పోస్టుమాన్ చూసేది కవరే, కార్డు తెరవడు. కార్డు అందుకున్నవాళ్లకు మీరు ఇంకా ఎవరెవర్ని పిలిచారో దాన్ని చూసి తెలియదు.

మెయిల్‌కీ సరిగ్గా ఇలాగే కవరు ఒకటి, కార్డు ఒకటి ఉంటాయి. మనకు తెరమీద కనిపించేది కార్డు మాత్రమే కాబట్టి కవరు ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. మీరు ‘సెండ్’ నొక్కగానే పంపే సర్వర్, అందుకునే సర్వర్‌తో ఎస్‌ఎంటీపీ అనే పద్ధతిలో మాట్లాడుతుంది. ముందు ‘మెయిల్ ఫ్రమ్’ అని పంపినవారి చిరునామా చెబుతుంది. తరవాత ‘ఆర్‌సీపీటీ టు’ అని అందుకోవలసినవారి చిరునామాలు ఒక్కొక్కటిగా చదువుతుంది. ఇక్కడిదాకా కవరు. ఆ తరవాతే ‘డేటా’ అని చెప్పి అసలు ఉత్తరాన్ని అప్పగిస్తుంది. పైన కనిపించే ఫ్రమ్, టు, సీసీ, విషయం గీతలన్నీ ఈ ఉత్తరంలో భాగం, అంటే కార్డు మీద అచ్చయినవి.

టు, సీసీ, బీసీసీ మూడింట్లో ఉన్నవాళ్ల చిరునామాలూ కవరు మీదకి ఎక్కుతాయి. అందుకే మెయిల్ అందరికీ చేరుతుంది. కార్డు మీద మాత్రం టు, సీసీ గీతలే మిగులుతాయి. బీసీసీ గీతను పంపే ప్రోగ్రామో సర్వరో పంపకముందే తీసేస్తుంది. బీసీసీ చేసే పని ఇంతే. దీన్ని తాళం అనుకోకండి, సంకేత భాష అంతకన్నా కాదు. కార్డు మీద పేరు అచ్చు వేయకపోవడం మాత్రమే.

మిగతా ప్రవర్తన అంతా దీన్నుంచే వస్తుంది. బీసీసీలో ఉన్న ఇద్దరు ఒకరికొకరు కనబడరు, ఇద్దరి పేర్లూ కార్డులో లేవు కాబట్టి. ‘టు’లో ఉన్నవాళ్లు రిప్లై ఆల్ నొక్కినా ఆ జవాబు బీసీసీ వారికి వెళ్లదు, ఎందుకంటే జవాబు రాసే ప్రోగ్రామ్‌కు దొరికేది కార్డు మీది పేర్లే. బీసీసీలో ఉన్న మనిషికి మాత్రం టు, సీసీలలో ఎవరున్నారో పూర్తిగా కనిపిస్తుంది. ఈ చివరిదాన్ని చాలామంది మరిచిపోతారు, ప్రమాదాలు అక్కడే పుడతాయి.

ఒక సాంకేతిక మెలిక కూడా ఉంది. ఆర్‌ఎఫ్‌సీ 5322 బీసీసీ గీతను అందరి ప్రతుల్లోంచీ తీసేయడానికి ఒప్పుకుంటుంది, బీసీసీ వారికి వెళ్లే ప్రతుల్లో మాత్రం ఉంచడానికీ ఒప్పుకుంటుంది. రెండో పద్ధతిలో ఆ గీతలో అందరి పేర్లూ ఉంచే ప్రోగ్రామ్ దొరికితే బీసీసీ వాళ్లు ఒకర్నొకరు చూసేస్తారు. జీమెయిల్, అవుట్‌లుక్ లాంటివి గీతను తీసేసే పంపుతాయి, వాటితో బెంగ లేదు. భీమవరం కాలేజీ కుర్రాడు ఫెస్ట్ ఆహ్వానాలకు సొంతంగా స్క్రిప్ట్ రాసుకుంటే మాత్రం జాగ్రత్త పడాలి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో మెయిల్ పంపే ఎస్‌ఎంటీపీలిబ్ వాడేటప్పుడు ‘సెండ్_మెసేజ్’ పిలిస్తే బీసీసీ గీతను అదే తీసేస్తుంది. ‘సెండ్‌మెయిల్’ పిలిస్తే మీరిచ్చిన అక్షరాలను యథాతథంగా పంపుతుంది, అందులో బీసీసీ గీత ఉంటే అదీ వెళ్లిపోతుంది. సొంత స్క్రిప్టులో బీసీసీ చిరునామాలను గ్రహీతల జాబితాలోనే ఇవ్వాలి, ఉత్తరం పై భాగంలో రాయకూడదు.

వాట్సాప్ అలవాటైనవాళ్లకు ఇంకోలా చెప్పొచ్చు. సీసీ గ్రూపు లాంటిది, అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. బీసీసీ బ్రాడ్‌కాస్ట్ లిస్టు లాంటిది, ఒక్కొక్కరికీ విడిగా వచ్చినట్టు కనిపిస్తుంది, జవాబు మీకొక్కరికే వస్తుంది. తేడా ఏమిటంటే, బ్రాడ్‌కాస్ట్ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. బీసీసీకి ఆ షరతు లేదు.

పంపేటప్పుడు చేతి పని

కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి ‘కంపోజ్’ నొక్కితే ‘టు’ గీతకు కుడివైపు చివర సీసీ, బీసీసీ అని చిన్నగా కనిపిస్తాయి. కంట్రోల్, షిఫ్ట్, బి మూడూ కలిపి నొక్కినా బీసీసీ గడి తెరుచుకుంటుంది. ఫోన్‌లో అయితే ‘టు’ పక్కనున్న కింది బాణం గుర్తు తాకాలి. పాత డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌లో కొత్త మెయిల్ తెరిచాక పైన ‘ఆప్షన్స్’లోకి వెళ్లి బీసీసీ నొక్కాలి. ఒకసారి నొక్కితే ఆ తరవాతి మెయిళ్లలోనూ ఆ గడి కనిపిస్తూ ఉంటుంది.

‘టు’లో ఏం పెట్టాలి? మీ చిరునామానే పెట్టుకోండి. ఖాళీగా వదిలినా జీమెయిల్ పంపుతుంది గానీ, అందుకున్నవారిలో కొందరికి ‘అన్‌డిస్‌క్లోజ్డ్ రెసిపియెంట్స్’ అని కనిపిస్తుంది. ఊరూ పేరూ లేని మెయిల్‌లా ఉంటుంది, దాన్ని అనుమానంగా చూసేవాళ్లే ఎక్కువ. మీ చిరునామా ఉంటే పంపిందెవరో స్పష్టం, ఒక ప్రతి మీ ఇన్‌బాక్స్‌కు వచ్చి మెయిల్ సరిగ్గా వెళ్లిందన్న సాక్ష్యం కూడా దొరుకుతుంది.

జాబితా పెద్దదైతే ప్రతిసారీ ఎక్సెల్ నుంచి కాపీ చేయకండి. గూగుల్ కాంటాక్ట్స్‌లో ఆ పేర్లన్నిటికీ ఒక లేబుల్ పెట్టండి, ‘టెన్త్ బ్యాచ్’ అని అనుకుందాం. బీసీసీ గడిలో ఆ లేబుల్ పేరు కొడితే చిరునామాలన్నీ దిగుతాయి. ఇక్కడే చాలామంది జారిపడతారు. లేబుల్ పేరు ఒక్కటే కదా, ‘టు’లో పెట్టినా ఆ ఒక్క పేరే కనిపిస్తుంది అనుకుంటారు. కనిపించదు. లేబుల్ అనేది మీ అడ్రసు పుస్తకంలో మీరు పెట్టుకున్న గుర్తు మాత్రమే. గడిలో పెట్టగానే అది విడివిడి చిరునామాలుగా విచ్చుకుపోతుంది, అలాగే అందరికీ వెళ్తుంది. గూగుల్ గ్రూప్స్ లాంటి చోట నిజంగా ఒక గ్రూపు చిరునామా సృష్టించుకుంటేనే ఆ ఒక్క చిరునామా కనిపిస్తుంది.

చిరునామాలు చేత్తో అతికిస్తే జీమెయిల్‌లో మధ్య కామా ఉండాలి. అవుట్‌లుక్ మామూలుగా సెమీకోలన్ అడుగుతుంది. ఒక అక్షరం తప్పున్న చిరునామా ఉంటే మొత్తం మెయిల్ ఆగిపోదు. ఆ ఒక్కటి మాత్రం ‘మెయిలర్ డీమన్’ పేరుతో మీకే తిరిగొస్తుంది. 550 అంకెతో వస్తే సాధారణంగా అలాంటి ఖాతా లేదని, 552తో వస్తే వాళ్ల పెట్టె నిండిపోయిందని. తిరిగొచ్చినవాటిని అదే రోజు జాబితాలో దిద్దుకోండి.

ఇక పరిమితి. ఉచిత జీమెయిల్ నుంచి ఒక మెయిల్ 500 మందికి మించి, లేదా ఒక రోజులో 500 మెయిళ్లు మించి పంపబోతే ఖాతా నుంచి పంపడమే ఆగిపోతుంది. తిరిగి తెరుచుకోవడానికి 1 గంట నుంచి 24 గంటలు పట్టొచ్చు. మెయిల్ రాయడమూ చదువుకోవడమూ ముందు పూర్తి చేసి, చిరునామాలు ఆఖర్న పెట్టడం మంచి పద్ధతి. చిరునామా లేని మెయిల్‌ను పొరపాటున సెండ్ నొక్కినా అది ఎక్కడికీ వెళ్లదు.

ఎవరికి పనికొస్తుంది

ఒకరికొకరు తెలియనివాళ్లు, లేదా ఒకరి సంగతి ఒకరికి తెలియనక్కర్లేనివాళ్లు ఒకే సమాచారం అందుకోవాల్సిన చోట బీసీసీ వాడాలి. కడియపులంక నర్సరీవారు మొక్కల ధరల పట్టిక వేరే రాష్ట్రాల గుత్తేదార్లకు, పూల అంగళ్లకు పంపుతుంటే, ఆ కొనుగోలుదార్ల జాబితాయే వాళ్ల వ్యాపారానికి ఆయువుపట్టు. సీసీలో పెట్టి పంపితే, ఎవరి దగ్గర కొనాలో తెలియనివాళ్లకు కాదు, ఎవరికి అమ్మాలో తెలియని పోటీదారుకు మేలు చేసినట్టవుతుంది. నరసాపురం లేసు ఎగుమతిదారు కొత్త డిజైన్ల ఫొటోలు విదేశీ కొనుగోలుదార్లకు పంపినా ఇదే లెక్క.

నడుస్తున్న సంభాషణలోంచి ఒకరిని మర్యాదగా తప్పించడానికి కూడా ఇది బాగుంటుంది. మీకూ కొబ్బరిపీచు మిల్లు యజమానికీ ఒక పెద్దాయన మెయిల్‌లో పరిచయం కలిపారనుకోండి. ఆ తరవాత బేళ్లు ఎన్ని, లారీ ఎప్పుడు అని మీరిద్దరూ రాసుకునే ఇరవై మెయిళ్లు ఆయనకెందుకు? మొదటి జవాబులో ఆయన్ని బీసీసీలోకి మార్చి, పైనే ‘పరిచయం చేసినందుకు కృతజ్ఞతలు, ఫలానా గారిని బీసీసీలోకి మార్చాను’ అని రాయండి. పని మొదలైందని ఆయనకు తెలుస్తుంది, ఆ పైన వచ్చే రిప్లై ఆల్‌లు ఆయన్ని తాకవు.

వాడకూడని చోటు

ఎదుటివాడికి తెలియకుండా మూడో మనిషికి వినిపించడానికి బీసీసీ వాడేవాళ్లు చాలామంది. మా అభిప్రాయం ఏమాత్రం దాపరికం లేకుండా చెబుతున్నాం: వద్దు. నీతి సంగతి పక్కన పెట్టినా, పద్ధతిగా చూసినా అది పగిలే కుండే.

దాళ్వా (రెండో పంట వరి) నీరు శివారు పొలాలకు అందడం లేదని నీటి సంఘం అధ్యక్షుడు నీటిపారుదల శాఖ ఏఈగారికి (అసిస్టెంట్ ఇంజనీరుకు) మెయిల్ రాశారనుకుందాం. మాట మెత్తగానే ఉంది. ‘మన తరఫున అడుగుతున్నానని తెలుస్తుంది’ అని శివారు రైతులు ఇద్దర్ని బీసీసీలో పెట్టారు. వాళ్లలో ఒకాయనకు నారుమడి ఎండిపోతోంది, కడుపు మండి ఉంది. ఫోన్‌లో చదివి, రిప్లై ఆల్ నొక్కి, అధ్యక్షుడు రాయని మాటలు రాసేశారు. కార్డు మీద ‘టు’లో ఏఈగారి పేరు ఉంది కదా, ఆ జవాబు నేరుగా ఆయనకే పోయింది. ఇప్పుడు ఏఈగారికి రెండు తెలిశాయి: రైతు కోపం ఒకటి, తనతో మర్యాదగా మాట్లాడుతున్న ఉత్తరాన్ని చాటుగా ఇంకొందరు చదువుతున్నారన్నది రెండోది. మొదటిదాన్ని ఆయన అర్థం చేసుకోవచ్చు. రెండోదాని తరవాత అధ్యక్షుడి ఏ మెయిల్‌నూ ఆయన మునుపటిలా చదవరు.

రైతులకు తెలియాలంటే రెండు దారులున్నాయి. సీసీలో అందరికీ కనిపించేలా పెట్టండి, శివారు రైతులు చూస్తున్నారని ఏఈగారికి తెలియడం నిజానికి మంచిదే. లేదా ముందు ఏఈగారికి పంపి, ఆ తరవాత ‘సెంట్’లోకి వెళ్లి అదే మెయిల్‌ను రైతులకు ఫార్వర్డ్ చేయండి. ఫార్వర్డ్ కొత్త కవరు, కొత్త కార్డు. అందులో పంపింది మీరు, అందుకున్నది రైతు, అంతే. ఆయన రిప్లై ఆల్ నొక్కినా మీకూ, మీరు ఫార్వర్డ్ చేసిన రైతులకూ తప్ప ఏఈగారికి వెళ్లదు.

దాచలేనివి

కార్డు మీది పేర్లు తప్ప బీసీసీ ఇంకేమీ దాచదు. మెయిల్‌కు తగిలించిన ఎక్సెల్‌లో రెండో షీటులో ఎవరెంత చందా ఇచ్చారో ఉంటే అది అందరికీ చేరుతుంది. మీ ‘సెంట్’ ఫోల్డర్‌లోని ప్రతిలో బీసీసీ పేర్లన్నీ ఉంటాయి, ఆఫీసు ఖాతాను నలుగురు వాడుతుంటే నలుగురూ చూడగలరు. కంపెనీ మెయిల్ అయితే కవరు మీది చిరునామాలు సర్వర్ లాగ్‌లో పడతాయి, సిస్టమ్ చూసుకునేవారికి అవి కనిపిస్తాయి.

అందుకునేవారి వైపు ఇంకో ఇబ్బంది. ‘టు’లో నా చిరునామా ఉంటేనే ముఖ్యమైనది అని ఫిల్టర్ పెట్టుకున్నవాళ్లకు బీసీసీ మెయిల్ పక్క ఫోల్డర్‌లో పడుతుంది. కొన్ని మెయిలింగ్ లిస్టులు తమ చిరునామా టు, సీసీలలో కనబడకపోతే నిర్వాహకుడు చూసేదాకా మెయిల్‌ను ఆపి ఉంచుతాయి. లిస్టులకు పంపేటప్పుడు బీసీసీ వాడొద్దు.

జాబితాయే రహస్యం అయినప్పుడు

కొన్ని జాబితాల్లో పేరు ఉండటమే ఒక నిజాన్ని బయటపెడుతుంది. లండన్‌లోని 56 డీన్ స్ట్రీట్ క్లినిక్ 2015 సెప్టెంబరులో హెచ్‌ఐవీ సేవల వార్తాలేఖను 781 మందికి పంపుతూ బీసీసీకి బదులు ‘టు’లో పెట్టింది. చాలా చిరునామాల్లో పూర్తి పేర్లే ఉన్నాయి. దాన్ని నడిపే ఆసుపత్రి ట్రస్టుకు 2016లో 1,80,000 పౌండ్ల జరిమానా పడింది. బ్రిటన్ రక్షణ శాఖ 2021 సెప్టెంబరు 20న, అఫ్గానిస్తాన్ నుంచి తరలింపు కోసం ఎదురుచూస్తున్న 245 మందికి ఇదే పొరపాటు చేసింది. ఇద్దరు రిప్లై ఆల్ నొక్కారు, అందులో ఒకరు తామున్న చోటు కూడా రాశారు. తాలిబన్ల చేతికి చిక్కితే ప్రాణాలు పోయే జాబితా అది. 2023 డిసెంబరులో 3,50,000 పౌండ్ల జరిమానా వేశారు.

భీమవరంలోనో తణుకులోనో ఒక సంతాన సాఫల్య కేంద్రం, మద్యం మాన్పించే కేంద్రం, బాకీ గుర్తుచేసే ఫైనాన్స్ ఆఫీసు పంపే మెయిళ్లు ఇదే కోవలోవి. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం మనిషిని గుర్తుపట్టగల ఏ సమాచారమైనా వ్యక్తిగత డేటాయే, తగిన రక్షణ చూపని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానాకు అవకాశం ఉంది. ఇలాంటి చోట బీసీసీ కూడా చాలదు. పైన రెండు చోట్లా జరిగింది ఒక్క గడి తేడాయే. మనిషి చెయ్యి ఏదో ఒక రోజు జారుతుంది. ఇక్కడ వాడవలసింది మెయిల్ మెర్జ్. వర్డ్, ఎక్సెల్, అవుట్‌లుక్ కలిపి వాడితే ఒక్కొక్కరికీ విడి మెయిల్ వెళ్తుంది, ‘టు’లో వారి పేరొక్కటే ఉంటుంది. గూగుల్ వర్క్‌స్పేస్‌లో కొన్ని చెల్లింపు ప్లాన్లలో జీమెయిల్‌లోనే ఈ సదుపాయం ఉంది. కవరూ కార్డూ రెండూ విడిగా తయారవుతాయి కాబట్టి జారే గడే ఉండదు.

పొరపాటు జరిగిపోతే

జీమెయిల్‌లో పంపాక కింద ‘అన్‌డూ’ కనిపిస్తుంది. మామూలుగా 5 సెకన్లే ఉంటుంది. సెట్టింగ్స్‌లో దాన్ని 30 సెకన్లకు ఈ రోజే పెంచుకోండి. అది దాటాక మెయిల్‌ను వెనక్కి లాగలేరు. అవుట్‌లుక్‌లోని ‘రీకాల్’ ఒకే సంస్థ ఖాతాల మధ్యే పనిచేస్తుంది, బయటివాళ్ల జీమెయిల్‌కు వెళ్లిందాన్ని అది తాకలేదు.

కంగారులో అదే మెయిల్‌కు రిప్లై ఆల్ కొట్టి క్షమాపణ రాయకండి, జాబితా ఇంకోసారి అందరికీ వెళ్తుంది. కొత్త మెయిల్ తెరిచి, ‘టు’లో మీ చిరునామా, బీసీసీలో వారందర్నీ పెట్టి, జరిగిందేమిటో రెండు వాక్యాల్లో చెప్పి, మొదటి మెయిల్‌ను తొలగించమనీ దానికి జవాబివ్వొద్దనీ అడగండి. చందా వివరాలో, ఆరోగ్య సంగతులో, ఇంకేవైనా సున్నితమైనవి అందులో ఉంటే, ఆ వివరాలు ఎవరివో వారికి మెయిల్‌తో సరిపెట్టకుండా అదే రోజు ఫోన్ చేసి చెప్పండి.